హృదయ కవాటములకు శస్త్రచికిత్స: గృహిణులు తెలిసికొనవలసిన సంగతులు

మన యిండ్లలో గ్యాసుబండ అయిపోయినచో వెంటనే తెలియును. బియ్యపుడబ్బా అడుగంటినచో తెలియును. గృహిణికి ఊపిరి చాలకున్నచో మాత్రము చాలకాలము ఎవ్వరికిని తెలియదు. నాలుగు మెట్లెక్కి ఆయాసముతో నిలిచిపోయినచో నీరసమందురు. రాత్రివేళ పండుకొనలేక గోడకు చేరగిలబడి కూర్చున్నచో ఉబ్బసమందురు. గుండె దడదడ కొట్టుకొన్నచో వట్టి బెదురందురు. ఆమెయు నంతే యనుకొని తన పని తాను చేసికొనుచుండును. ఇట్టి యాయాసములలో కొన్నిటికి హృదయ కవాటముల వ్యాధి కారణము. దానికి నేడు మంచి చికిత్స కలదు. అయితే ఆ చికిత్సలో సగము వైద్యునిది, సగము ఇంటివారిది. వైద్యుని పని కొన్ని గంటలలో ముగియును; ఇంటివారి పని ఏండ్ల తరబడి సాగును. ఆ రెండవ సగమును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవించుటకే ఈ వ్యాసము.

కవాటము లెట్లు చెడును?

కవాటమనగా తలుపు. పిడికిలంత యుండు హృదయమున నాలుగు గదులును, రక్తము ఒకవైపునకే పోవునట్లు చూచుటకు నాలుగు తలుపులును గలవు. హృదయము దినమునకు ఇంచుమించు లక్షమారులు కొట్టుకొనును. ప్రతిమారును ఈ తలుపులు తెఱచుకొని మూసికొనుచుండవలయును. తలుపు బిగిసి సరిగా తెఱచుకొననిచో రక్తము వెనుకనే నిలిచి ఊపిరితిత్తులపై ఒత్తిడి హెచ్చును. సరిగా మూసికొననిచో ముందునకు పోయిన రక్తము వెనుకకు మరలును. రెండు విధములను హృదయమునకు అధికశ్రమయే.

వృద్ధులలో బృహద్ధమని మొదట నుండు కవాటము సున్నము పట్టి గట్టిపడుట కలదు. మన దేశమున యువతులకు మాత్రము ముఖ్యకారణము చిన్ననాటి కీళ్లవాతజ్వరము. 5 మొదలు 15 ఏండ్ల వఱకు గల పిల్లలకు ఒక జాతి సూక్ష్మజీవులవలన గొంతునొప్పి వచ్చును. దానికి తగిన మందీయనిచో, కొందఱిలో రెండు మూడు వారములకు జ్వరమును, కీళ్లవాపును కలుగును. వాపు తగ్గిపోవును, హృదయ కవాటమునకు తగిలిన దెబ్బ మాత్రము మిగిలిపోవును. అది ఏండ్ల మీద గట్టిపడి, ఎడమవైపు రెండు గదుల నడుమ నుండు మైట్రలు కవాటము ఇరుకగును. ఈ ఇరుకుదనము పురుషులకంటె స్త్రీలలో నెక్కువ. కావున పిల్లల గొంతునొప్పిని తేలికగా చూడరాదు. కీళ్లవాతజ్వర మొకమారు వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారముల కొకతూరి పెన్సిలిన్ సూదిమందు, వైద్యుడు చాలుననువఱకు, తప్పక వేయింపవలయును.

మన ప్రాచీన వైద్యులు గర్భవతిని దౌహృదిని యనిరి. తనదొకటి, కడుపులోని శిశువుదొకటి, రెండు హృదయములు గలది యని దాని భావము. గర్భకాలమున స్త్రీ దేహమున రక్తపరిమాణము సుమారు సగము వఱకు హెచ్చును. అంతదనుక దాగియున్న కవాటదోషము అప్పుడు బయటపడుట తఱచు. గర్భిణికి ఆయాసము సహజమే యని సరిపెట్టుకొనక, పండుకొన్నప్పుడు ఊపిరాడకున్నను, దగ్గులో నెత్తురు కనబడినను వెంటనే వైద్యునికి చూపవలయును. ఎకో యను పరీక్షలో నొప్పియు లేదు, సూదియు లేదు. కవాటముల కదలిక తెరమీద కనబడును.

చికిత్స నడచివచ్చిన త్రోవ

వైద్యులు మెడలో వేసికొను స్టెతస్కోపు పుట్టుటకు ఒక హృద్రోగిణియే కారణము. 1816లో పారిసు నగరమున లైనెక్ అను వైద్యుడు, ఒక యువతి ఱొమ్మునకు చెవి యానించి వినుటకు సంకోచించి, కాగితమును గొట్టముగా చుట్టి వినెను. 1925లో లండనున హెన్రీ సౌటర్ ఒక బాలిక హృదయములోనికి వ్రేలు చొప్పించి ఇరుకైన కవాటమును వెడల్పు చేసెను. ఆ బాలిక కోలుకొన్నను, అట్టి శస్త్రచికిత్స మరల సాగుటకు 1948 దాక పట్టెను. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అను వైద్యుడును, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరును కలిసి కృత్రిమ కవాటమును రూపొందించి రోగికి అమర్చిరి. 1990లో తిరువనంతపురము శ్రీ చిత్ర సంస్థవారు మన దేశముననే తయారైన కవాటమును మొదటిసారి అమర్చిరి.

నేడు కవాటము ఇరుకైన వారిలో కొందఱికి ఱొమ్ము కోయకయే, తొడవద్ద రక్తనాళము నుండి బెలూనును పంపి వెడల్పు చేయుదురు. ఈ పద్ధతిని 1982లో జపానుదేశపు వైద్యుడు కాంజీ ఇనొవే మొదలిడెను. కొందఱికి చెడిన కవాటమునే మరమ్మతు చేయుదురు. రెండును కుదురనిచో క్రొత్తది అమర్చుదురు.

ఏ కవాట మమర్చవలయును?

ఇది ఇంటిల్లిపాది కూర్చుండి యాలోచింపవలసిన ప్రశ్న. కృత్రిమ కవాటములు రెండు విధములు. లోహము, కర్బనము మొదలగు వానితో చేసినది చిరకాలము మన్నును. కాని దానిపై నెత్తురు గడ్డకట్టకుండ బ్రతికినంతకాలము ప్రతిదినము మందు మ్రింగవలయును. జంతుకణజాలముతో, అనగా ఆవు గుండెపొరతోనో పంది కవాటముతోనో చేసినదానికి అట్టి మందు యావజ్జీవము అక్కఱలేకపోవచ్చును. కాని అది పది పదునైదేండ్లకు అఱుగును, పడుచువారిలో నింకను త్వరగా అఱుగును. అప్పుడు మరల చికిత్స కావలయును. ఆచారపరులైన వారు ఈ సంగతిని ముందే అడిగి తెలిసికొని, తమ మనస్సునకు సమాధానము చెప్పుకొనుట మేలు. తరువాత తెలిసి కుములుటకంటె అది నయము.

పిల్లలు కావలెనను స్త్రీకి ఇంకొక చిక్కు కలదు. నెత్తురును పలుచబఱచు వార్ఫరిన్ జాతి మందు గర్భస్థశిశువునకు, ముఖ్యముగా మొదటి మూడు మాసములలో, హాని చేయగలదు. మందు మానినచో తల్లి కవాటమున నెత్తురు గడ్డకట్టును. నే నెఱిగిన యొక యింట ముప్పదేండ్ల కోడలికి కవాటము మార్పవలసివచ్చెను. ఆసుపత్రిలో భర్తను, మామగారిని లోపలికి పిలిచి మాటాడిరి. ఆమె వెలుపల బల్లమీద కూర్చుండెను. ఒక్కమాఱుతో పోవునదే మేలని వారు లోహపు కవాటమునకు సంతకము చేసిరి. ఏడాదికి బిడ్డ కావలయునని తలచినప్పుడు గాని ఆ మందు సంగతి ఆమె చెవిని పడలేదు. పిదప హృద్రోగవైద్యుని, స్త్రీవైద్యురాలిని అడిగి, వారు చెప్పినట్లు మందులు మార్చుకొనుచు ఆమె బిడ్డను కనెను. కాని ఆ తొమ్మిది మాసములు ఆ యింట నెవ్వరికిని కంటికి కునుకు లేదు. వారు చెడ్డవారు కారు. ఆమెను కష్టపెట్టరాదనియే బయట కూర్చుండబెట్టిరి. హృదయ మెవ్వరిదో వారిని గదిలో కూర్చుండబెట్టి చెప్పుట మర్యాద మాత్రమే కాదు, చికిత్సలో భాగము.

శస్త్రచికిత్సకు ముందు

దంతవైద్యునికి చూపుట మొదటి పని. పుచ్చుపళ్లలోని సూక్ష్మజీవులు నెత్తుటిలో చేరి క్రొత్త కవాటమును పట్టుకొనగలవు. చుట్ట, జర్దా వంటి పొగాకు అలవాట్లున్నచో కొన్ని వారముల ముందే మానవలయును. మధుమేహమున్నచో అదుపులో నుంచవలయును. వాడుచున్న మందులన్నియు, నాటుమందులతో సహా, కాగితముపై వ్రాసి చూపవలయును. ఏది ఎన్నాళ్ల ముందు ఆపవలయునో వైద్యుడే చెప్పును. మూడు గోళీలుగల చిన్న యంత్రమొకటి యిచ్చి ఊపిరి బలముగా పీల్చుట నేర్పుదురు. దానిని ముందునుండియే యభ్యసించినచో తరువాత ఊపిరితిత్తులలో కఫము చేరదు.

ఖర్చునకు వెఱచి వాయిదా వేయువారు, 2007లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకమున తమకు అర్హత గలదేమో ఆసుపత్రిలోనే విచారింపవలయును.

ఆనాడు గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, మంగళసూత్రము తీయుమందురు. గోళ్లరంగు తుడువుమందురు. ఇది అనేకస్త్రీలకు కత్తికంటె నెక్కువ బాధ కలిగించును. ఱొమ్మంతయు శుభ్రపఱుపవలయును, విద్యుత్పరికరములు వాడవలయును, గోళ్లద్వారా ప్రాణవాయువు కొలవవలయును. తీయించుట కదియే కారణము. అత్తగారో తల్లియో ముందే చెంతకు చేరి, "నా చేతి కిమ్మమ్మా, మరల నేనే నీ మెడలో వేయుదును" అన్నచో సగము భయము తీఱును.

మెలకువ వచ్చునప్పటికి గొంతులో ఊపిరిగొట్టముండును, మాట రాదు. చేతులకు, ఱొమ్మునకు గొట్టము లుండును. ఈ సంగతి ముందే చెప్పియుంచినచో ఆమె బెదరిపోదు. దాహమునకు, నొప్పికి, భయమునకు ఏ సైగ చేయవలయునో ముందే యేర్పఱచుకొనుట మంచిది.

ఇంటికి వచ్చిన పిదప

అంతయు సవ్యముగా నున్నచో ఇంచుమించు వారమునకు ఇంటికి పంపుదురు. మనము పొరపడునది ఇచ్చటనే. పైకుట్లు మానినవి గదా యని ఆమెను పనిలోనికి దింపుదుము. లేదా ఆమెయే దిగును. ఱొమ్మెముకను నిలువున కోసి తీగెలతో బిగించియుందురు. అది పూర్తిగా అతుకుటకు మూడు మాసములు కావలయును. అంతదనుక రెండు మూడు కిలోలకు మించిన బరువు ఎత్తరాదు. నీళ్లబిందె, తడిబట్టల బకెట్టు, నిండుకుక్కరు, చంటిబిడ్డ అన్నియు బరువులే. బీరువా లాగుట, పిండి పిసుకుట, చేతులు మోపి లేచుట కూడదు. దగ్గు వచ్చునప్పుడు తలగడను ఱొమ్మునకు హత్తుకొన్నచో నొప్పి తగ్గును. నడక మాత్రము మానరాదు. మొదట ఇంటిలోనే పది నిమిషములు, పిదప కొంచెము కొంచెముగా హెచ్చింపవలయును.

ఈ దినములలో కారణము లేక కన్నీరు వచ్చును, అన్నము సహింపదు, నిద్ర పట్టదు. లోహపు కవాటమైనచో రాత్రి నిశ్శబ్దమున గడియారమువలె టిక్కుటిక్కుమను సవ్వడి వినవచ్చును. అది భయపడవలసిన సవ్వడి కాదు, కవాటము పని చేయుచున్నదనుటకు గుర్తు. దుఃఖము వారములు గడచినను తగ్గనిచో వైద్యునికి చెప్పవలయును.

ఊరగాయ, అప్పడము, వడియము, ఊరమిరపకాయ మన భోజనమునకు ప్రాణము. ఆమెకు మాత్రము వానిలోని ఉప్పు భారము. ఆమె కొక్కతెకే చప్పిడి పెట్టక, ఇంటివారందఱును కొంత ఉప్పు తగ్గించుకొన్నచో పథ్యము శిక్షగా తోపదు.

మందు, ఆకుకూర, ఉపవాసము

వార్ఫరిన్ కథ వింతైనది. అమెరికాలో చెడిన పశుగ్రాసము తిన్న పశువులు నెత్తురు కాఱి చచ్చుచుండగా, దానిలోని పదార్థమును పరిశోధించి కార్ల్ పాల్ లింక్ అను రసాయనజ్ఞుడును అతని సహచరులును కనిపెట్టిన జాతి మందిది. 1948లో ఎలుకలమందుగా అమ్మబడి, 1954 నుండి మనుష్యులకు ఔషధమయ్యెను. కావుననే దీనియెడ అంత జాగ్రత్త. హెచ్చినచో నెత్తురు కాఱును. తగ్గినచో నెత్తురు గడ్డకట్టి పక్షవాతము రాగలదు. ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్షతో మోతాదు నిర్ణయింతురు. మైట్రలు స్థానమున లోహపు కవాటముగలవారికి ఆ యంకె సాధారణముగా 2.5 మొదలు 3.5 వఱకు నుండవలయునందురు. ప్రతిదినము ఒకే వేళకు మ్రింగి, క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనవలయును. ఒకనాడు మఱచినచో మఱునాడు రెండింతలు మ్రింగరాదు.

తోటకూర, పాలకూర, మునగాకులలోని కె విటమిను ఈ మందునకు ఎదురు పని చేయును. అట్లని ఆకుకూర మానవలసిన పనిలేదు. ఒక వారము దినదినము తిని మఱు వారము మానుట కూడదు. ఎప్పుడును సమానముగా తినవలయును. కార్తికమాసపు ఉపవాసములు, ఏకాదశులు కూడ అంకెను తాఱుమాఱు చేయగలవు. వైద్యు నడిగియే చేయవలయును. నొప్పిమాత్రలు, కషాయములు తమంత వాడరాదు. పన్ను తీయించునప్పుడు కవాట మమర్చిన సంగతి ముందుగా చెప్పవలయును. కీళ్లవాతజ్వరమువలన కవాటము చెడినవారికి పెన్సిలిన్ సూదిమందు శస్త్రచికిత్స తరువాతను సాగును.

జ్వరము, గాయమున ఎఱుపు లేక చీము, రెండు మూడు దినములలో రెండు కిలోల బరువు పెరుగుట, నల్లని విరేచనము, ఆగని బహిష్టుస్రావము, ఉన్నట్టుండి కవాటపు సవ్వడి మూగవోవుట కనబడినచో ఆలస్యము చేయరాదు. మూతి వంకర పోయినను, మాట తడబడినను, చేయి పడిపోయినను నిమిషములు లెక్కించి ఆసుపత్రికి చేర్పవలయును.

సోదరీమణులారా! మగవానికి జబ్బు చేసినప్పుడు ఇల్లంతయు ఆతని మంచము చుట్టు తిరుగును. గృహిణికి జబ్బు చేసినప్పుడు ఆమెయే తన మంచము దిగి ఇంటిచుట్టు తిరుగును. ఈ యాచారము మారినచోటనే వైద్యుడు చేసిన కుట్టు నిలుచును. మూడు మాసముల వంట ఎవరు చేయుదురో, బిందె ఎవరెత్తుదురో, రక్తపరీక్షకు ఎవరు తోడు పోవుదురో శస్త్రచికిత్సకు ముందే నిర్ణయించి యుంచుడు. ఇంటిలో ఎవ్వరైనను ఆయాసపడుచున్నచో రేపటికి వాయిదా వేయక నేడే చూపించుడు.