అనుమతి లేని ప్రయోగము

పొరుగింటి తాళము ఎంత గట్టిదో చూడదలచి, అర్ధరాత్రి తలుపు తీసి లోనికి పోయినవాడు ఏమియు దొంగిలింపలేదనుకొందము. అతనిది తప్పగునా?

1988 నవంబరు 2వ తేదీన అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్టులో విడిచెను. విడిచినది మాత్రము తన చోటినుండి గాక, ఎం.ఐ.టి. కంప్యూటరు నుండి! ఒక యంత్రములో చేరి, తన నకలును తానే చేసికొని, మరియొక యంత్రమునకు ప్రాకుట దాని పని. కావుననే దానిని ‘వర్మ్’, అనగా పురుగు, అనిరి. ఉత్తరములను చేరవేయు ప్రోగ్రాములోని ఒక లోపము దానికి ద్వారమైనది. ఫైళ్ళను అది చెరుపలేదు.

క్రొత్త యంత్రమును చేరగనే, తన నకలు అచ్చట ఇదివరకే కలదా యని అది విచారించును. కలదన్నచో మరలవలెను. అయితే యజమానులు బొంకి దానిని తప్పించుకొందురేమోయని, ‘కలదు’ అను జవాబును ఏడుసార్లకు ఒకసారి లెక్కచేయక తిష్ఠవేయునట్లు మోరిస్ ఏర్పరచెను. ఆ ప్రశ్న అతడు తలచినదానికంటె ఎన్నోరెట్లు ఎక్కువసార్లు పడినది. నకళ్ళు పేరుకొని వేలకొలది కంప్యూటరులు స్తంభించినవి. పురుగును చంపు ఉపాయము తెలుపుచు మిత్రునితో కలసి పంపిన సందేశము కూడ ఆ రద్దీలోనే చిక్కి, ఆలస్యముగ చేరినది.

హాని తలపెట్టలేదని మోరిస్ వాదించెను. అనుమతి లేని ప్రవేశమును తలపెట్టుటయే చాలునని 1991లో అప్పీలు న్యాయస్థానము తేల్చినది. మూడేండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా నిలిచినవి. చట్టముకంటె ఆ ‘ఏడింట ఒకటి’యే ఎక్కువ చెప్పును. యజమాని వలదనుటకు గల దారిని ముందే మూసిన ఏర్పాటది. లోపమును కనుగొన్నవారు మొదట యజమానికే తెలిపి, సవరించుకొనుటకు గడువిచ్చి, పిదప ప్రకటించుట నేడు భద్రతా పరిశోధకులు పాటించు పద్ధతి.