విద్యుత్ ప్యానెళ్ళకు తిరిగి రంగు వేయడం

పరిశ్రమలలో స్విచ్‌లు, ఫ్యూజులు, స్టార్టర్లు, బస్‌బార్లు అమర్చి ఉండే ఇనుప పెట్టెలను విద్యుత్ ప్యానెళ్ళు అంటారు. తుప్పు పట్టిన ప్యానెళ్ళకు తిరిగి రంగు వేయడం సాధారణమైన పనిగా కనిపించినా, ఇందులో విద్యుదాఘాతం, అగ్నిప్రమాదం, విషపూరిత ఆవిరులు, ధూళి వంటి అపాయాలు ఉన్నాయి. కొన్ని లోపాలు రంగు ఆరిన చాలాకాలానికి గాని బయటపడవు.

నేపథ్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు బంగాళాఖాతం తీరాన ఉన్నాయి. ఉప్పుగాలి, తేమ వలన ఇక్కడ ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఉత్తరాంధ్ర విద్యుత్ వ్యవస్థను తీవ్రంగా దెబ్బతీశాయి. ఔషధ పరిశ్రమలున్న పైడిభీమవరంలో మండే ద్రావణులు, జూట్ మిల్లుకు పేరుపొందిన నెల్లిమర్లలో నార ధూళి అదనపు సమస్యలు.

రంగు వేసే సమయంలో అపాయాలు

* విద్యుదాఘాతం: ప్రధాన స్విచ్ కట్టివేసినా, దానికి సరఫరా తెచ్చే కేబుల్ కొసలలో విద్యుత్తు ఉంటుంది. కెపాసిటర్లలో కూడా కొంతసేపు ఆవేశం నిలిచి ఉంటుంది.
* అగ్నిప్రమాదం: థిన్నర్లలో వాడే టోలీన్ సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్దనే మండగల ఆవిరినిస్తుంది. ఈ ఆవిరి గాలికంటే సుమారు మూడు రెట్లు బరువైనది కనుక కేబుల్ కాలువలలో నిలిచిపోతుంది. కాంటాక్టరు నుండి వచ్చే చిన్న నిప్పురవ్వ దానిని అంటించగలదు.
* ధూళి: పాత రంగులలో సీసపు సమ్మేళనాలు ఉండవచ్చు. పొడిగా గీకినప్పుడు ఆ ధూళి ఊపిరితిత్తులలోకి చేరుతుంది. రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేస్తూ 2016లో చేసిన భారత ప్రభుత్వ నియమాలు గృహ, అలంకరణ రంగులకే వర్తిస్తాయి. గీకిన ఇనుప రజను బస్‌బార్ల మధ్య పడితే షార్ట్ సర్క్యూట్ కావచ్చు.

తరువాత బయటపడే లోపాలు

* ఎర్తింగ్: రంగు విద్యున్నిరోధకం. ఎర్త్ తీగ బిగించే చోట రంగు పొర ఉంటే, ఇన్సులేషన్ దెబ్బతిన్నప్పుడు భూమిలోకి తగినంత విద్యుత్తు ప్రవహించదు, ఫ్యూజు పోదు. పెట్టె ఒంటికి విద్యుత్తు పాకి అలాగే నిలిచి, తలుపు ముట్టుకొన్నవారికి ప్రాణాపాయం కలుగుతుంది.
* గాస్కెట్: రంగు అంటిన రబ్బరు గట్టిపడి, పగిలి, తేమను లోనికి రానిస్తుంది. అప్పుడు తుప్పు లోపలినుండి మొదలవుతుంది.
* ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలు: వీటి అతుకుల సన్నని సందులో వేడి వాయువులు చల్లబడి బయటకు వస్తాయి. అతుకు ముఖాలపై రంగు పడితే అవి సరిగా అమరవు. లోపలి మంట బయటకు పాకవచ్చు.
* వేడి: గాలి రంధ్రాల జాలీ పూడుకుపోతే లోపలి పరికరాలు వేడెక్కుతాయి.
* హెచ్చరికలు: నామఫలకం, ప్రమాద సూచిక కప్పబడితే తరువాత పనిచేసేవారికి వోల్టేజి తెలియదు.

జాగ్రత్తలు

# అన్ని వైపులనుండి సరఫరా నిలిపి, తాళం వేసి, విద్యుత్తు లేదని పరీక్షించాలి.
# ఎర్త్ బోల్టులు, గాస్కెట్లు, అతుకు ముఖాలు, నామఫలకాలను టేపుతో కప్పాలి.
# పాత రంగును తడిపి గీకాలి; తగిన మాస్కు ధరించాలి.
# రంగు పూర్తిగా ఆరి, ఆవిరి పోయిన తరువాత, ఎర్తింగ్ కొనసాగింపును కొలిచి మాత్రమే సరఫరా ఇవ్వాలి.

రంగులు వేసేవారు సాధారణంగా విద్యుత్ పని తెలిసినవారు కారు. కనుక పని పూర్తయ్యేవరకు అర్హుడైన ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండడం అవసరం.