ధర్మం చెయ్యడమా? ధర్మం పాటించడమా?

"ధర్మం చెయ్యండి బాబూ" అన్నప్పుడు ధర్మమంటే చిల్లర డబ్బులు, గుప్పెడు బియ్యం. "అది నా ధర్మం" అన్నప్పుడు తప్పించుకోరాని బాధ్యత. మాట ఒకటే, అర్థాలు రెండు. మొదటిది చేస్తే పుణ్యం, చెయ్యకపోతే తప్పులేదు. రెండవది చెయ్యకపోవడమే తప్పు. ప్రపంచంలో ఆకలితో అలమటిస్తున్నవారికి, కాస్త కలిగినవారు ఇవ్వవలసింది ఈ రెండింటిలో ఏ ధర్మం? కవులూ కథకులూ కూడా ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఈ చర్చను కొత్త మలుపు తిప్పినవాడు ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్. 1971లో తూర్పు బెంగాల్ నుంచి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. ఆ సందర్భంలో రాసి, 1972లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఒక చిన్న ఉదాహరణ చెప్పాడు. దారిన పోతూ ఉంటే లోతులేని కుంటలో పసిపిల్ల మునిగిపోతూ కనిపించింది. దిగితే బట్టలకు బురదవుతుంది. దిగాలా, వద్దా? దిగాలని అందరం ఒప్పుకుంటాం. అయితే ఆ పిల్ల వేలమైళ్ళ దూరంలో ఉంటే బాధ్యత ఎందుకు తగ్గాలి? గట్టున మరో పదిమంది ఊరికే నిలబడి ఉంటే మన బాధ్యత పదోవంతుకు ఎందుకు పడిపోవాలి? ఇదీ ఆయన వాదం. శరణార్థుల కోసం బ్రిటన్ అప్పటికి ఇచ్చింది 1 కోటి 47 లక్షల 50 వేల పౌన్లనీ, కాంకార్డ్ విమానం తయారీలో తిరిగిరాని ఖర్చు కింద తన వాటాగా పెట్టింది 27 కోట్ల 50 లక్షల పౌన్ల పైచిలుకనీ ఆయన లెక్క చూపించాడు. ఈ లెక్క ముందు 'దయ' అనే మాట నిలవదు.

దీనికి మనవాళ్ళు వెంటనే చెప్పే జవాబు "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని. కాని సామెతను సరిగా చదవాలి. తనకు మాలినదాన్ని ఇవ్వవద్దంటుందే గాని, మిగిలినదాన్ని దాచుకోమనదు. సింగర్ సూత్రం కూడా, అంతే విలువైన మరొకదాన్ని పోగొట్టుకోకుండా చెయ్యగలిగినంత చెయ్యమనే చెబుతుంది. తగాదా అల్లా ఆ 'మాలిన' హద్దు ఎక్కడ గీయాలన్నదే. మన సౌకర్యం కొద్దీ ఆ హద్దును ముందుకు జరుపుకుంటూ పోతున్నాం.

"ఇచ్చినంత మాత్రాన ఏమవుతుంది?" అనేవారూ ఉన్నారు. ఆ శరణార్థుల శిబిరాల్లోనే జవాబు ఉంది. బనగావ్‌లో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించాడు. నూటికి ముప్ఫైమంది దాకా చనిపోతున్నచోట, మరణాలు నూటికి నాలుగుకు లోపు పడిపోయాయి. ప్రాణానికీ చావుకూ మధ్య ఉన్నది కొన్ని పైసల ఖరీదు.

మూడవ అభ్యంతరం గట్టిది, మన శిబిరం నుంచే వచ్చేది. దానం పేదరికాన్ని పోగొట్టదు, పేదరికాన్ని పుట్టించే వ్యవస్థకు మెరుగు పూస్తుంది అంటారు. ఇందులో సత్యం ఉంది. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది తిండిగింజలు 1941లో కంటె తక్కువేమీ లేవనీ, కొనే శక్తి లేకనే జనం చనిపోయారనీ అమర్త్యసేన్ 1981లో నిరూపించాడు. అంటే కుంటలో పిల్ల తనంతట తాను పడలేదు. తోసిన చెయ్యి ఒకటుంది. సింగర్ ఉదాహరణ ఆ చేతిని చూపించదు. అది దాని పరిమితి.

అంతమాత్రాన, తోసినవాణ్ణి పట్టుకొనేదాకా పిల్లను మునగనిద్దామా? 1943లో అభ్యుదయ కళాకారులు అలా అనుకోలేదు. వినయ్ రాయ్ బృందం ఊరూరా పాడి కరువు నిధికి చందాలు వసూలు చేసింది. చిత్తప్రసాద్ మిడ్నపూర్‌లో తిరిగి ఆకలి బొమ్మలు గీస్తే, ఆ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం జప్తు చేసింది. గంజికేంద్రానికి డబ్బు పంపిన కళే, దోషి ఎవరో కూడా చెప్పింది. సహాయమూ పోరాటమూ ఒకదానికొకటి అడ్డు అనేది ఆచరణకు దిగనివారి వాదన.

మన కథల్లో దానం చేసే ఘట్టాలను ఈ దృష్టితో పరిశీలించాలి. చాలా కథల్లో ఇచ్చినవాడి కళ్ళు చెమర్చడంతో కథ ముగుస్తుంది. పుచ్చుకొన్నవాడికి పేరు కూడా ఉండదు. ఇది మొదటి అర్థంలోని ధర్మం. పుచ్చుకొన్నవాణ్ణి హక్కు ఉన్న మనిషిగా నిలబెట్టినప్పుడే రెండవ అర్థం సాహిత్యంలోకి వస్తుంది. దూరాన్ని చెరిపెయ్యడం తత్త్వవేత్త తర్కం కంటె కథకుడికే ఎక్కువ సాధ్యం.

ఈ కుంట ఉదాహరణ తొమ్మిదో తరగతిలో చెప్పినప్పుడు వెనక బెంచీ కుర్రవాడు లేచి, "మరి మీరెంత ఇస్తున్నారు మాస్టారూ?" అన్నాడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ నెల నుంచి జీతం అందగానే కొంత తీసి పక్కన పెడుతున్నాను. అది చాలదని నాకు తెలుసు. ఆకలిమీద రాసే ప్రతి రచయితా ఆ కుర్రవాడి ప్రశ్నను ఒకసారి తనకు తాను వేసుకోవాలి. జవాబు చెప్పలేకపోతే, రాసిన వాక్యానికి ఎక్కడో బలం తగ్గుతుంది.