రోజుకొక వాక్యం

వికారాబాద్ అనగానే పెద్దవారికి అనంతగిరి కొండమీది క్షయ ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. సరైన మందులు లేని కాలంలో కొండగాలిని, నర్సుల సేవను నమ్ముకొని రోగులు నెలల తరబడి అక్కడ ఉండేవారు. నేడు అదే జిల్లాలోని తాండూరులో ఎవరికైనా రక్త క్యాన్సర్ వస్తే హైదరాబాదుకు రైలెక్కవలసిందే.

కీమోథెరపీకి లొంగని, లేదా తగ్గి తిరగబెట్టిన కొన్ని రకాల లింఫోమా, ల్యుకేమియాలకు ఇప్పుడు ‘కార్-టి’ అనే కణచికిత్స ఉంది. రోగి రక్తంలోని టి-కణాలను వేరుచేసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా ప్రయోగశాలలో మార్చి, మళ్లీ ఆ రోగికే ఎక్కిస్తారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో రూపొందిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి లభించింది. విదేశాల్లో కోట్లు అయ్యే ఖర్చు ఇక్కడ లక్షల్లోకి దిగింది. అయినా సామాన్య కుటుంబానికి అది ఇల్లూ పొలమూ అమ్ముకునేంత మొత్తమే.

కణాలు ఎక్కించిన తర్వాతి రోజులే గడ్డు రోజులు. అవి ఒంట్లో వృద్ధి చెందుతుండగా జ్వరం రావచ్చు, రక్తపోటు పడిపోవచ్చు, ఒక్కోసారి మెదడు కూడా మందగించవచ్చు. అందుకే నర్సు రాత్రింబవళ్లు జ్వరం, బీపీ చూస్తూనే ఉంటుంది. ఇది ఏ సంవత్సరం, ఏ ఊరు, ఈ వస్తువు పేరేమిటి అని అడుగుతుంది. నూరు నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కించమంటుంది. చివరికి ఒక వాక్యం రాయమంటుంది. నిన్న తిన్నగా ఉన్న అక్షరాలు నేడు వంకరపోతే వెంటనే వైద్యుని పిలుస్తుంది. స్టెరాయిడ్ వంటి మందులు సకాలంలో అందడం ఆ కాగితం ముక్కమీద ఆధారపడవచ్చు.

తాండూరు ముస్లిముల ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో కన్నడం కూడా వినిపిస్తాయి. కొందరు పెద్దలకు సంతకం తప్ప రాయడం రాదు. కనుక రోగి ఏ లిపిలో రాస్తారో, మామూలుగా వారి రాత ఎలా ఉంటుందో చికిత్సకు ముందే నర్సుకు చెప్పాలి. లేకుంటే తడబాటు భాషదో జబ్బుదో ఆమెకు తెలిసేదెలా?

రోగిని పరామర్శించడం సున్నత్ అని మన బంధువులు గుంపులుగా తరలివస్తారు. గుమ్మం దగ్గర ఆపిన నర్సును కసురుకుంటారు కూడా. కణాలకు ముందు ఇచ్చే కీమో వల్ల రోగికి రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయి ఉంటుంది. ఫోనులో సలాం చెప్పి, ఇంటినుంచే దుఆ చేయడం మేలు.

కణాలు ఎక్కించాక సాధారణంగా కొన్ని వారాలు ఆసుపత్రికి చేరువలోనే ఉండమంటారు. తాండూరు నూరు కిలోమీటర్లకు పైమాటే కనుక నగరంలో గది చూసుకోక తప్పదు. అక్కడ నర్సు పని ఇంటివారిది అవుతుంది. థర్మామీటరు చూడటం, ఆ ప్రశ్నలు అడగటం డిశ్చార్జికి ముందే ఆమె దగ్గర నేర్చుకోవాలి. అర్ధరాత్రి 100.4 డిగ్రీల జ్వరం కనిపిస్తే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడరాదు. ఆమె రాసిచ్చిన నంబరుకు అప్పుడే ఫోను చేయాలి.