నడకతో పాటు నాలుగు చెట్ల పేర్లు

"షుగరు వచ్చింది, రోజూ నడవండమ్మా" అన్నారు డాక్టరుగారు. అలా హైదరాబాద్ కె.బి.ఆర్. పార్కుకి వెళ్లడం మొదలుపెట్టాను. మొదట్లో నా చూపంతా చేతి వాచీ మీదే. ఇంటికెళ్లి టిఫిన్లు చెయ్యాలిగా మరి!

ఓ ఆదివారం మనవరాలు వెంట వచ్చింది. "అమ్మమ్మా, ఇదేం చెట్టు?" అంది. నేను నోరు తెరిచేలోపే వెనక నడుస్తున్న పెద్దావిడ "సీతాఫలం" అన్నారు. ప్రతి ఏడూ బుట్టలకొద్దీ పళ్లు కొంటాను, చెట్టుని గుర్తుపట్టలేకపోయాను. సిగ్గేసింది సుమా!

ఆనాటి నుంచి రోజుకో చెట్టు నేర్చుకుంటున్నాం. సీతాఫలం ఆకు నలిపితే ఘాటైన వాసన. వేపాకు అంచులు రంపంలా ఉంటాయి. 1998లో జాతీయ పార్కు అయిన ఈ చోటు, ఊరి నడుమ మిగిలిన దక్కన్ రాతినేల అడవి. ఎండాకాలంలో చాలా చెట్లు ఆకులు రాలుస్తాయి. అవి ఎండిపోయాయనుకోకండి, అది వాటి నీటి పొదుపు! తొలకరి పడితే మళ్లీ పచ్చదనమే. వానలు వెనకబడ్డాక మగ నెమలి పింఛం ఈకలు వాటంతటవే రాలి, తర్వాత కొత్తవి వస్తాయి.

మీరూ వెళ్తే ఈ సంగతులు మరచిపోకండి. నెమళ్లకి తిండి వెయ్యకండి. ఆకైనా, పండైనా కొయ్యకండి, రాలిన ఆకు చూసినా చాలు. ఖాళీ సీసాలు ఇంటికి తెచ్చేసుకోండి.

నా షుగరు సంగతి పరీక్షలో తేలుతుంది. మనవరాలు మాత్రం ఇప్పుడు ఆకు చూసి చెట్టు పేరు చెప్పేస్తోంది!