కాలేజీకి ర్యాంకెంత? ముందు ఆ కాగితం అడగండి!

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన వారం. ఎర్రగుంట్ల నాలుగురోడ్ల కూడలిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన నన్ను ఆపి అడిగాడు: “సార్, మా పాపకు ర్యాంకొచ్చింది. ఇప్పుడు కాలేజీకి గూడా ర్యాంకు సూడాలంట గదా, యాడ సూడాల?”

ఆ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో ప్రతి వేసవిలోనూ వినబడేదే. ర్యాంకు చూడొద్దని నేననను. అది దేన్ని కొలుస్తుందో తెలుసుకుని చూడమంటాను.

అపోహ: ర్యాంకు ముందుంటే పాఠం బాగా చెబుతారు.

వాస్తవం: ర్యాంకులిచ్చే సంస్థలేవీ వెనక బెంచీలో కూర్చుని పాఠం వినవు. ప్రపంచ ర్యాంకుల జాబితాను 2003లో షాంఘైలో ఒక విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. పరిశోధనలో చైనా ఎంత వెనకబడి ఉందో తెలుసుకోవడం దాని ఉద్దేశం. అందులో నోబెల్, ఫీల్డ్స్ బహుమతులకే 30 శాతం మార్కులు. క్యూఎస్ అనే మరో ప్రపంచ జాబితాలోనైతే విద్యావేత్తల అభిప్రాయానికి 30 శాతం, ఉద్యోగాలిచ్చేవాళ్ల అభిప్రాయానికి 15 శాతం. అంటే దాదాపు సగం మార్కులు పేరు ప్రతిష్ఠలకే.

మన దేశంలోని సంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ తొలి జాబితా 2016లో వచ్చింది. ఇంజినీరింగ్ విభాగంలో బోధన-వనరులకు 30, పరిశోధనకు 30, ఉత్తీర్ణత-ఉపాధి వంటి ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ చోటివ్వడానికి 10, పేరుకు 10 మార్కులు. బోధన అన్నచోట కూడా లెక్కలోకి వచ్చేది అధ్యాపకుల సంఖ్య, వాళ్ల పీహెచ్‌డీలు, పెట్టిన ఖర్చు. పాఠం పిల్లలకు అర్థమైందా లేదా అన్నది ఆ లెక్కకు అందదు.

అపోహ: జాబితాలో పేరు లేదంటే అది మంచి సంస్థ కాదు.

వాస్తవం: ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీని చూడండి. 2008లో మొదలైన ఆర్జీయూకేటీలో భాగం. పదో తరగతి పాసైన పల్లె పిల్లలను తీసుకుని ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజినీర్లను చేసి పంపుతుంది. కూలికెళ్లే తల్లికి ఇంజినీరు కూతురు కనబడటం ఎంత పెద్ద చదువు! షాంఘై జాబితాలో ఇలాంటి మార్పుకు ఒక్క మార్కు కూడా లేదు. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. నోబెల్ బహుమతులు లెక్కించే పోటీలో శతాబ్దాల వయసున్న సంస్థల పక్కన దాన్ని నిలబెట్టి చిన్నబుచ్చడం న్యాయం కాదు.

అపోహ: అంకెలు అబద్ధం చెప్పవు.

వాస్తవం: ఆ అంకెల్లో చాలావరకు కాలేజీలే పంపుతాయి. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చిన లెక్కలు తప్పని 2022లో అక్కడి గణిత ఆచార్యుడు మైఖేల్ థాడియస్ బయటపెట్టాడు. యూఎస్ న్యూస్ జాబితాలో 2వ స్థానంలో ఉన్న ఆ సంస్థ 18కి పడిపోయింది. చదువు ఒక్క ఏడాదిలో అంతగా దిగజారదు కదా, మారింది లెక్క మాత్రమే. మన దేశంలోనూ లెక్కలు కట్టే తీరులో పారదర్శకత లేదని 2020లో ఏడు ఐఐటీలు టైమ్స్ ప్రపంచ ర్యాంకులకు దూరంగా నిలిచాయి.

అపోహ: న్యాక్, ఎన్‌బీఏ, ఎన్‌ఐఆర్‌ఎఫ్ అన్నీ ఒకటే.

వాస్తవం: న్యాక్ మొత్తం సంస్థను బేరీజు వేస్తుంది. ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి విడివిడిగా గుర్తింపు ఇస్తుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ వరుస చెబుతుంది. మెకానికల్‌కు ఎన్‌బీఏ ఉన్నంత మాత్రాన అదే కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌కు ఉన్నట్టు కాదు. చేరబోయే బ్రాంచి పేరు చెప్పి అడగండి.

అపోహ: ప్రపంచ ర్యాంకు లేని డిగ్రీ విదేశాల్లో చెల్లదు.

వాస్తవం: డిగ్రీ చెల్లుబాటుకు ఆధారం యూజీసీ గుర్తింపున్న విశ్వవిద్యాలయం. ర్యాంకు కాదు. మన చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం అనంతపురం జేఎన్‌టీయూ గొడుగు కిందివే. అయితే ర్యాంకుకు విలువిచ్చే చోట్లూ ఉన్నాయి. బ్రిటన్ 2022లో తెచ్చిన ఒక వీసా ప్రపంచ జాబితాల్లో ముందున్న సంస్థల పట్టభద్రులకే. అలాంటి దారులు కొన్నే.

అపోహ: ర్యాంకు పెరిగితే చదువు బాగుపడినట్టే.

వాస్తవం: మార్కుల కోసం పరిశోధన పత్రాలు పెంచుకోవచ్చు, కాగితాలు సర్దుకోవచ్చు. ఖాళీ కుర్చీలో అధ్యాపకుడు కూర్చోనిదే చదువు బాగుపడదు. 2023లో మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు ప్రకటనలు వచ్చాయి. అన్ని ఖాళీలు పేరుకుపోయేదాకా ఊరుకున్నాం. సంస్కరణ మొదలు కావలసింది అక్కడే.

మరి ఏం చూడాలి? ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దరఖాస్తు చేసిన ప్రతి కాలేజీ తాను పంపిన లెక్కలను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకు రాకపోయినా ఆ కాగితం ఉంటుంది. ఎంతమంది చేరారు, గడువులోపు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, ఏ అధ్యాపకుడికి ఏ చదువు, ఎన్నేళ్ల అనుభవం... అన్నీ అందులోనే.

‘మధ్యస్థ జీతం’ అన్న గడిని వదలకండి. ఐదుగురికి ఏడాదికి 3, 3, 3.5, 4, 40 లక్షల జీతాలొచ్చాయనుకుందాం. సగటు 10.7 లక్షలు. ఫ్లెక్సీ మీద కనబడేది 40 లక్షలు. మధ్యనున్న పిల్లవాడికి అందేది 3.5 లక్షలే. మన పాప ఆ మధ్యలో ఉండే అవకాశమే ఎక్కువ.

ఈ మాటలే ఎర్రగుంట్ల కూడలిలో ఆ తండ్రికీ చెప్పి, ఆ కాగితాన్ని ఫోన్‌లో తెరిచి చూపించాను. అధ్యాపకుల పేర్లు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చదివి, “మేము గూడా అంతే సార్. బండ మీద నీళ్లు పోసి చూస్తాం. పగులుంటే తడి చెప్పేస్తాది” అన్నాడు.

పాలిష్ చూసి బండ కొనని మనిషి, ఫ్లెక్సీ చూసి బిడ్డను చేర్చనక్కర్లేదు.