సాఫ్టువేరు బగ్గు

సాఫ్టువేరు బగ్గు అనగా కంప్యూటరు ప్రోగ్రాములో ఉన్న తప్పు. ఈ తప్పు వలన ప్రోగ్రాము ఆగిపోవచ్చు, లేదా ఆగకుండానే తప్పుడు ఫలితాన్ని ఇవ్వవచ్చు. రెండింటిలో రెండవదే ఎక్కువ ప్రమాదకరమైనది. ఆగిపోయిన ప్రోగ్రామును అందరూ గమనిస్తారు. తప్పు లెక్క చూపే తెరను మాత్రం చాలామంది నమ్ముతారు. తెలుగులో దీనిని దోషం, లోపం అని వ్రాస్తున్నప్పటికీ వాడుకలో బగ్గు అన్న మాటే స్థిరపడింది. వెబ్‌సైట్లలోను, మొబైలు యాప్‌లలోను తరచుగా కనిపించే బగ్గులను, వీలైనంతవరకు తెలుగునాట జరిగిన ఉదాహరణలతో ఈ వ్యాసంలో వివరించడమైనది.

పేరు వెనుక కథ

ఇంగ్లీషులో బగ్ అంటే పురుగు. యంత్రాలలోని లోపాలను ఈ పేరుతో పిలవడం కంప్యూటర్ల కంటే పాతది. థామస్ ఆల్వా ఎడిసన్ 1878లో వ్రాసిన ఒక ఉత్తరంలోనే ఈ వాడుక ఉంది. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు మార్క్-2 అనే కంప్యూటరు రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కున్నది. సిబ్బంది దానిని తీసి, లాగ్ పుస్తకంలో అంటించి, నిజమైన బగ్గు దొరకడం ఇదే మొదటిసారి అని ప్రక్కన వ్రాసుకున్నారు. పేరు ఆనాడే పుట్టిందని తరచుగా చెబుతారు గాని, ఆ మాట అప్పటికే వాడుకలో లేకపోతే వారి హాస్యానికి అర్థమే ఉండదు.

బగ్గులు ఎందుకు వస్తాయి

ప్రోగ్రాము వ్రాసేవారు కొన్ని విషయాలను ముందుగానే అనుకొని వ్రాస్తారు. పేరు ఇంత పొడవే ఉంటుంది, బొత్తామును ఒక్కసారే నొక్కుతారు, ఈ పేజీని దాని సొంతదారే తెరుస్తాడు, లోపలికి వచ్చిన అంకె సరైనదే అయి ఉంటుంది - ఇలాంటివి. వాటిలో ఒకటి తప్పినచోట బగ్గు బయటపడుతుంది. జ్ఞాపకశక్తి ఖరీదైన రోజులలో సంవత్సరాన్ని రెండంకెలతో వ్రాయడం వలన వచ్చిన 2000 సంవత్సరపు సమస్య ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దానిని సరిచేసే పనిమీద 1990ల చివరలో ఎందరో తెలుగు ఇంజనీర్లు అమెరికా వెళ్ళారు.

అక్షరాల బగ్గులు

తెలుగు పాఠకులకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవే. "విశాఖపట్నం" అన్న మాటనే తీసుకుందాం. చదివేవారికి ఇందులో ఐదు అక్షరాలు ఉన్నాయి: వి, శా, ఖ, ప, ట్నం. యూనికోడులో మాత్రం హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న వేర్వేరు సంకేతాలు కాబట్టి మొత్తం 10 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి, అనగా 30 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు.

ఊరి పేరుకు 20 బైట్లు సరిపోతాయని అనుకొని ఎవరైనా ఒక దరఖాస్తు పేజీని తయారు చేశారనుకోండి. "విశాఖప" వరకు 18 బైట్లు నిండుతాయి. మిగిలిన రెండు బైట్లలో "ట" ముక్క మాత్రమే పడుతుంది. తెరపై చివర ఒక డబ్బా గాని, ప్రశ్నార్థకం గాని కనిపిస్తుంది. డేటాబేసును లాటిన్ అక్షరాలకు మాత్రమే సిద్ధం చేసి ఉంటే ఊరి పేరు మొత్తం పది ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఇలా పోయిన పేరును తిరిగి రాబట్టడం సాధ్యం కాదు, ఎందుకంటే అసలు సంకేతాలు ఎక్కడా మిగలవు. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఒక ఎస్సెమ్మెస్‌లో తెలుగు సంకేతాలు 70 మాత్రమే పట్టడానికి కూడా సంకేత పద్ధతే కారణం; అది బగ్గు కాదు గాని, ఆ సంగతి తెలియక వ్రాసిన ప్రోగ్రాములు సందేశాన్ని మధ్యలో త్రుంచివేస్తాయి.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో బయటపడిన బగ్గు తెలుగు లిపిని ప్రపంచమంతటా వార్తలలోకి తెచ్చింది. ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, సందేశాల యాప్ మూతపడేది. నోటిఫికేషనులో కనిపిస్తే ఫోను ముఖ్య తెర కూడా స్తంభించేది. కొందరు ఆకతాయిలు ఆ అక్షరాన్ని ట్విట్టరులో తమ పేర్లకు తగిలించి ఇతరుల ఫోన్లను ఇబ్బంది పెట్టారు. పత్రికలు దానిని "జ్ఞా" అక్షరంగా వర్ణించాయి. నిజానికి మామూలు "జ్ఞానం" అన్న మాటతో ఏ ఫోనూ ఆగలేదు. ఆపినది జ, పొల్లు, ఞ తరువాత కంటికి కనిపించని ఒక సంకేతం, ఆపై దీర్ఘం వచ్చే ప్రత్యేకమైన వరుస. రెండు అక్షరాలను కలవనీయకుండా ఆపే ఈ సంకేతం తెలుగులో టైపు చేసేవారికి కొత్తది కాదు. ఈ వ్యాసంలోని "వెబ్‌సైటు" అన్న మాటలో బ్ తరువాత ఉన్నది అదే. అది లేకపోతే మాట "వెబ్సైటు" అని కనిపిస్తుంది. బెంగాలీ, దేవనాగరి లిపులలోను ఇటువంటి వరుసలు ఫోనును ఆపగలవని తరువాత తేలింది. కనుక దోషం తెలుగు అక్షరానిది కాదు, అక్షరాలను పేర్చి చూపే కోర్‌టెక్స్ట్ అనే భాగానిది. ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దీనిని సరిచేసింది.

తేదీల బగ్గులు

భారత కాలమానం సార్వత్రిక కాలమానం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. అర్ధరాత్రి నుండి తెల్లవారుజామున ఐదున్నర వరకు మనకు తేదీ మారినా సార్వత్రిక కాలమానంలో ఇంకా నిన్నటి తేదీయే. ఒక విద్యార్థి తన పుట్టిన తేదీని ఆగస్టు 15 అని నింపితే, ప్రోగ్రాము దానిని 15వ తేదీ అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకొని సార్వత్రిక కాలమానంలోకి మార్చుతుంది. అది 14వ తేదీ సాయంత్రం 6 గంటల 30 నిమిషాలు అవుతుంది. తరువాత గంటలను వదిలివేసి తేదీని మాత్రం దాచితే ఆగస్టు 14 మిగులుతుంది. ఒక్కరోజు తేడాయే గాని, పదవ తరగతి ధ్రువపత్రంతో పోల్చినపుడు దరఖాస్తు తిరస్కరించడానికి అది చాలు. పుట్టిన తేదీకి గంటలతో పనిలేదు కనుక దానిని కాలమానపు మార్పులకు లోబడని తేదీగానే దాచడం దీనికి పరిష్కారం.

1970 జనవరి 1 నుండి సెకండ్లను 32 బిట్లలో లెక్కించే పాత వ్యవస్థలలో లెక్క 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు నిండిపోతుంది.

రెండుసార్లు నొక్కిన బొత్తాము

విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే రైలు అద్దాల పెట్టెలో ఒకే సీటు మిగిలి ఉన్నదని, ఇద్దరు ఒకే క్షణంలో దానిని కోరారని అనుకుందాం. సీటు ఖాళీగా ఉందా అని చూడడం, దానిని కేటాయించడం రెండు వేర్వేరు అంచెలైతే, మొదటి అంచెలో ఇద్దరికీ "ఖాళీ" అనే సమాధానమే వస్తుంది. రెండు అంచెలను విడదీయరాని ఒకే పనిగా చేస్తే ఈ బగ్గు రాదు.

దీనికి దగ్గరి చుట్టం డబ్బు చెల్లింపుల బగ్గు. నెట్‌వర్కు బలహీనంగా ఉన్నచోట బొత్తాము నొక్కిన తరువాత సమాధానం రాదు. వాడుకరి మరల నొక్కుతాడు. రెండు అభ్యర్థనలూ ఒకే కొనుగోలుకు చెందినవని సర్వరు గుర్తించలేకపోతే సొమ్ము రెండుసార్లు పోతుంది. అందుకే ప్రతి లావాదేవీకి ముందుగానే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో రెండవసారి వచ్చిన అభ్యర్థనను పట్టించుకోకుండా వదిలివేస్తారు. భారతీయ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐ బదిలీలో ఒకరి ఖాతా నుండి తీసిన సొమ్ము ఎదుటివారికి జమ కాకపోతే మరుసటి రోజులోగా తిరిగి ఇవ్వాలి; ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. దుకాణాలకు చేసిన చెల్లింపులకు ఈ గడువు 5 రోజులు. ఈ సంగతి తెలియని ఖాతాదారులు చాలామంది ఉన్నారు.

ఒకరి వివరాలు మరొకరికి

కొన్ని వెబ్‌సైట్లలో పేజీ చిరునామా చివరనున్న సంఖ్యను మార్చితే వేరొకరి వివరాలు తెరుచుకుంటాయి. లోపలికి వచ్చిన వ్యక్తి ఎవరన్నది అడుగుతారు గాని, ఈ కాగితం ఆయనదేనా అన్నది అడగరు. అసలు ఏమీ అడగకుండా వివరాలను బయట పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం బహిరంగంగా కనిపించాయి. పేజీ చక్కగానే పనిచేసింది, అందువలన లోపం ఉన్నట్లు వాడుకరులకు తెలియలేదు. మారిన పాస్‌వర్డు వంటిది కాదు ఇది. బయటపడిన కులం, మతం వివరాలను తిరిగి దాచడానికి మార్గం లేదు.

2019 ఇంటర్మీడియట్ ఫలితాలు

తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు 2019 ఏప్రిల్ 18న వెలువడ్డాయి. 9 లక్షలకు పైగా విద్యార్థులు పరీక్షలు వ్రాశారు. పరీక్షకు హాజరైనవారిని గైర్హాజరైనట్లు, బాగా చదివేవారిని తప్పినట్లు చూపుతున్నారని వెంటనే ఫిర్యాదులు వచ్చాయి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా మార్కులు చూపగా, జవాబు పత్రాన్ని తిరిగి చూసినపుడు 99 అని తేలింది. ఆ తప్పు మూల్యాంకనం చేసినవారు ఓఎంఆర్ పత్రంలో వృత్తాలు దిద్దడంలో జరిగింది. ఫలితాల తరువాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించి, తప్పినవారందరి పత్రాలను రుసుము లేకుండా తిరిగి పరిశీలించవలసిందిగా ఆదేశించింది. ఆ పరిశీలనలో వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు.

వృత్తం తప్పుగా దిద్దినది మనిషే కాబట్టి అది సాఫ్టువేరు బగ్గు కాదని వాదించవచ్చు. కాని లక్షల పత్రాలను చేతితో దిద్దేచోట పొరపాటు జరగదని అనుకోవడమే అసలు లోపం. మిగిలిన సబ్జెక్టులన్నింటిలో మంచి మార్కులు ఉండి ఒక్కదానిలో సున్నా వస్తే, ఫలితాన్ని ప్రకటించక ముందే ఆ పత్రాన్ని ప్రక్కన పెట్టి మనిషికి చూపే నియమాన్ని ప్రోగ్రాములో వ్రాయడం కష్టమైన పని కాదు.

సవరణలు

బగ్గును సరిచేస్తూ తయారీదారు పంపేదానిని సవరణ లేదా అప్‌డేటు అంటారు. అది వాడుకరిని చేరకపోతే ప్రయోజనం లేదు. విండోస్‌లోని ఒక బగ్గుకు మైక్రోసాఫ్టు 2017 మార్చి 14న సవరణ విడుదల చేసింది. దానిని వేసుకోని కంప్యూటర్లపై అదే సంవత్సరం మే 12న వానాక్రై అనే పురుగు విరుచుకుపడి, ఫైళ్ళకు తాళం వేసి సొమ్ము అడిగింది. విశాఖపట్నం, శ్రీకాకుళం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాలలోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దీని బారినపడ్డాయి.

ఒక్కొక్కసారి అప్‌డేటే బగ్గును మోసుకొస్తుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన అప్‌డేటులో, ప్రోగ్రాము 21 అంశాల కోసం వెదకగా 20 మాత్రమే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చారు. పెద్ద సంస్థలు అప్‌డేటును ముందుగా కొద్దిమందికి పంపి, ఇబ్బంది లేదని తేలిన తరువాతే అందరికీ పంపడం ఇందుకే.

బగ్గును తెలియజేయడం

"మీ యాప్ పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదుతో ప్రోగ్రామరు ఏమీ చేయలేడు. ఫోను రకం, యాప్ వెర్షను, ఏ పేజీలో ఏమి నొక్కారు, ఏమి వస్తుందని అనుకున్నారు, ఏమి వచ్చింది, మరల అలాగే చేస్తే మరల వస్తున్నదా అన్న వివరాలు వ్రాయాలి. తెలుగు అక్షరాల సమస్య అయితే తెర బొమ్మతోపాటు ఆ మాటను కూడా టైపు చేసి పంపడం అవసరం, ఎందుకంటే కనిపించని సంకేతాలు బొమ్మలో కనిపించవు. చెల్లింపుల విషయంలో లావాదేవీ సంఖ్యను, సమయాన్ని తప్పక పేర్కొనాలి. పాస్‌వర్డు, పిన్, ఓటీపీలను మాత్రం ఎవరు అడిగినా ఇవ్వరాదు. బగ్గును సరిచేయడానికి వాటితో అవసరం ఉండదు.